చేదు పోవాలి, మందు పోకూడదు

పన్ను తీయించుకున్నవారికి, చిగుళ్ళు వాచి రక్తం కారుతున్నవారికి, నోట్లో చిన్న ఆపరేషన్ జరిగినవారికి రాసే చీటీలో మాత్రలతో పాటు పుక్కిలించే మందు కూడా ఉంటుంది. మాత్రలను చాలామంది లెక్క ప్రకారమే వేసుకుంటారు. పుక్కిలించే మందు దగ్గరికి వచ్చేసరికి ఆ లెక్క తప్పుతుంది. వారం తరువాత చూపించుకోవడానికి వచ్చినప్పుడు "మందు వాడారా?" అని సిస్టరు అడిగితే "ఆయ్, వాడామండి" అంటారు. సీసాలో ఎంత మిగిలిందని అడిగితే అప్పుడు అసలు సంగతి బయటికి వస్తుంది. "రెండు రోజులు వాడామండి. ఆ చేదు మా వల్ల కాలేదండి. అన్నం కూడా సయించలేదండి."

అన్నవరం, కత్తిపూడి, ప్రత్తిపాడు, తుని ప్రాంతాల నుంచి వచ్చేవారి నోట ఈ మాట మేము తరచుగా వింటూ ఉంటాము. దీన్ని రోగి మొండితనం అనో, నిర్లక్ష్యం అనో కొట్టిపారేయడం సరికాదని మా అభిప్రాయం. సీసాలో మిగిలిపోయిన మందు ఎంత మంచిదైనా ఎవరికీ మేలు చేయదు. అందుచేత రుచి అనేది వైద్యంలో ఒక భాగమేనని, దాని గురించి వైద్యులు అడగాలని, రోగులు చెప్పాలని మేము గట్టిగా నమ్ముతున్నాము. అయితే రుచిని బాగుచేసే పని తగినచోట, తగినవారి చేతుల్లో జరగాలి. ఇంట్లో తోచింది కలిపితే చేదుతో పాటు మందు గుణం కూడా పోతుంది. ఈ రెండు మాటలూ వివరంగా చెప్పుకుందాం.

చేదు ఎక్కడి నుంచి వస్తుంది?

నోటికి రాసే క్రిమినాశక మందుల్లో ఎక్కువగా వాడుకలో ఉన్నది క్లోర్‌హెక్సిడిన్. దీన్ని ఇంగ్లండులోని ఐ.సి.ఐ. కంపెనీ శాస్త్రవేత్తలు తయారు చేశారు. 1954లో దాని వివరాలు వైద్య లోకానికి తెలిశాయి. మొదట చర్మాన్ని, గాయాలను శుభ్రం చేయడానికే వాడేవారు.

నోటిలో దాని ఉపయోగాన్ని నిరూపించిన ఘనత దంత వైద్య పరిశోధకుడు హరాల్డ్ లో, ఆయన సహచరులది. 1965లో వారు ఆరోగ్యవంతులైన పన్నెండు మందిని పళ్ళు తోముకోవడం మానేయమన్నారు. మూడు వారాలు తిరిగేలోగా అందరికీ చిగుళ్ళ వాపు వచ్చింది. మళ్ళీ తోముకోవడం మొదలుపెట్టగానే తగ్గింది. పంటి మీద పేరుకునే పాచి వల్లనే చిగుళ్ళు వాస్తాయని దీనితో తేలింది. 1970లో ఆయన, షియోట్ కలిసి ఇంకో పరీక్ష చేశారు. 0.2 శాతం క్లోర్‌హెక్సిడిన్ మందు 10 మిల్లీలీటర్లు రోజుకు రెండుసార్లు, ఒక్కొక్కసారి ఒక నిమిషం చొప్పున పుక్కిలిస్తే, పళ్ళు తోముకోకపోయినా పాచి పట్టలేదు. నేటికీ మనం వాడే లెక్క అదే.

అంత బాగా పనిచేయడానికి కారణం అది నోటికి అంటుకుని ఉండడం. క్లోర్‌హెక్సిడిన్‌కు ధన విద్యుదావేశం ఉంటుంది. పంటి మీద, చిగురు మీద, నాలుక మీద ఉండే పొరలకు ఋణ విద్యుదావేశం ఉంటుంది. అందువల్ల మందు వాటిని పట్టుకుంటుంది. మనం ఉమ్మేసిన తరువాత కూడా కొంత భాగం నోట్లోనే ఉండిపోయి, గంటల తరబడి కొద్దికొద్దిగా విడుదలవుతూ క్రిములను అణచివేస్తుంది. చేదు వదలకపోవడానికి కారణం కూడా ఇదే. నాలుకను పట్టుకున్న మందు చేదును కూడా పట్టి ఉంచుతుంది.

కాకరకాయ ముక్కలకు ఉప్పు రాసి, కాసేపు ఉంచి, చేదు రసం పిండి పారబోస్తాం. ముక్కకు నష్టం ఉండదు. ఈ మందు విషయంలో అలా కుదరదు. ఇక్కడ చేదుగా ఉన్న పదార్థమే మందు. దాన్ని పిండేస్తే మిగిలేది రంగునీళ్ళే.

చేదైతేనే మందా?

"మందన్నాక చేదుగానే ఉంటుంది, ఓర్చుకోవాలి" అని ఇళ్ళలో పెద్దలు అంటారు. ఇంకొందరైతే చేదుగా, మంటగా ఉంటేనే మందు గట్టిదని నమ్ముతారు. ఈ నమ్మకం మన ఊళ్ళకే పరిమితం కాదు. అమెరికాలో 1879లో పుట్టిన లిస్టరిన్ సంగతి చూడండి. శస్త్రచికిత్సలో క్రిములు చేరకుండా కార్బాలిక్ ఆమ్లం వాడి చూపించిన డాక్టర్ జోసఫ్ లిస్టర్ పేరు మీద దానికి ఆ పేరు పెట్టారు. దాని రుచి ఘాటుగా, నోరు మండేలా ఉండేది. 1960లలో పుదీనా రుచితో పోటీ మందు బజారులోకి వచ్చినప్పుడు, లిస్టరిన్ వారు తమ మందు రుచి ఎవరికీ నచ్చదన్న సంగతినే ప్రకటనల్లో గొప్పగా చెప్పుకున్నారు. నచ్చకపోవడమే పనితనానికి రుజువన్నట్టు ప్రచారం చేశారు.

చివరికి అదే కంపెనీ 1992లో పుదీనా చల్లదనంతో కొత్త రకాన్ని తెచ్చింది. అందులో క్రిములను చంపే నాలుగు పదార్థాలను మార్చలేదు. అవి థైమాల్, యూకలిప్టాల్, మెంథాల్, మిథైల్ సాలిసిలేట్. వీటి పేర్లు కొత్తగా ఉన్నా వాసనలు మనకు కొత్తవి కావు. వామును అరచేతిలో నలిపినప్పుడు ముక్కుకు తగిలే ఘాటు థైమాల్‌దే. నీలగిరి తైలంలో ఉండేది యూకలిప్టాల్. పుదీనా జాతి ఆకుల చల్లదనం మెంథాల్‌ది. నొప్పులకు రాసుకునే లేపనాల వాసన మిథైల్ సాలిసిలేట్‌ది. పాత రకంలో సుమారు 27 శాతం ఉన్న ఆల్కహాలును కొత్త రకంలో 22 శాతం దరిదాపులకు తగ్గించి, తీపిని, పుదీనాను సర్దారు. ఆ తరువాతి కాలంలో ఆల్కహాలు లేని రకాలు కూడా వచ్చాయి. మందు పదార్థాన్ని కదపకుండా రుచిని మార్చవచ్చనడానికి ఇది చక్కని ఉదాహరణ.

మంట గురించి కూడా ఒక మాట. నోట్లో మంట పుట్టించేది చాలావరకు ఆల్కహాలు. మిరపకాయ కారాన్ని గుర్తించే నాడీ గ్రాహకాన్నే అదీ తట్టిలేపుతుంది. ఆ మంటకూ, క్రిములు చావడానికీ సంబంధం లేదు. చేతులకు రాసుకునే శానిటైజర్‌లో ఆల్కహాలు 60 శాతానికి పైగా ఉండాలని 2020లో కరోనా రోజుల్లో మనమందరం విన్నాం. పుక్కిలించే మందుల్లో ఉండేది అందులో సగం కూడా కాదు. అక్కడ ఆల్కహాలు చేసే ముఖ్యమైన పని నూనెలను నీటిలో కరిగించి ఉంచడం. కాబట్టి "మండితేనే పనిచేసినట్టు" అనే మాటను మనం మానేయాలి. తాగుడు మానిన అన్నదమ్ములు, ముఖ్యంగా అందుకోసం డైసల్ఫిరామ్ మాత్రలు వేసుకుంటున్నవారు, ఆల్కహాలు ఉన్న మందును పుక్కిలించకూడదు. ఈ విషయం డాక్టరుగారికి ముందే చెబితే ఆల్కహాలు లేనిదే రాసిస్తారు. చెప్పడానికి సిగ్గుపడవలసిన పని లేదు.

కూరలో ఉప్పు తగ్గిందనిపిస్తే

క్లోర్‌హెక్సిడిన్ వాడేవారు చెప్పే రెండో ఫిర్యాదు "ఏం తిన్నా రుచి తెలియడం లేదు" అని. దీనిలో ఒక విచిత్రం ఉంది. ఈ మందు అన్ని రుచులనూ ఒకేలా దెబ్బతీయదు. ముఖ్యంగా ఉప్పదనం తెలిసే శక్తిని తగ్గిస్తుంది. కొన్ని చేదులు తెలియడాన్నీ తగ్గిస్తుంది. తీపిని, పులుపును దాదాపు అలాగే ఉంచుతుంది. అంటే అన్నవరం కొండ మీది గోధుమనూక ప్రసాదం ఎప్పటిలాగే తియ్యగా ఉంటుంది గాని, ఆవకాయలో ఉప్పు చాలలేదనిపిస్తుంది.

ఇది నవ్వుకుని వదిలేసే విషయం కాదు. మన గోదావరి జిల్లాల్లో ఊరగాయలు, ఎండు చేపలు, అప్పడాలతో ఉప్పు వాడకం ఎలాగూ ఎక్కువే. చప్పగా ఉందని కంచంలో ఇంకొంచెం ఉప్పు కలుపుకుంటే రక్తపోటు ఉన్నవారికి, గుండె జబ్బు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి హాని. వంట చేసే అమ్మ ఈ మందు వాడుతుంటే, ఆమె నాలుకకు సరిపోయిన ఉప్పు ఇంటిల్లిపాదికీ ఎక్కువవుతుంది. అందుచేత మందు వాడే రోజుల్లో ఉప్పును చేతి కొలత ప్రకారమే వేయండి, నాలుకను నమ్మకండి. లేదా ఇంకొకరి చేత రుచి చూపించండి. మందు ఆపిన తరువాత సాధారణంగా కొద్ది రోజుల్లో రుచి మళ్ళీ కుదుటపడుతుంది.

ఇంట్లో కలిపితే ఏమవుతుంది?

చేదు భరించలేక కొందరు మందులో నిమ్మరసం పిండుతున్నారు. కొందరు ఉప్పు, వంట సోడా కలుపుతున్నారు. కొందరు పంచదారో తేనో వేస్తున్నారు. పిల్లల చేత ఎలాగైనా పుక్కిలింపించాలన్న ఆరాటంతో చేస్తున్నారని మాకు తెలుసు. కాని ఒక్కొక్కటి ఏం చేస్తుందో చూడండి.

ఉప్పు, వంట సోడా, నిమ్మ పులుపు, ఇవేవీ క్లోర్‌హెక్సిడిన్‌కు పడవు. వాటితో కలిసినప్పుడు మందు నీటిలో కరగని రూపంలోకి మారి, పాలు విరిగినట్టు విరిగిపోయి అడుక్కి చేరవచ్చు. పైన ఉన్న నీళ్ళు చేదు తగ్గి హాయిగా ఉంటాయి. చేదు తగ్గింది కదా అని సంతోషిస్తాం. నిజానికి తగ్గింది మందు.

టూత్‌పేస్టు సంగతి కూడా అంతే. పేస్టులో నురుగు రావడానికి కలిపే సోడియం లారైల్ సల్ఫేట్‌కు ఋణ విద్యుదావేశం ఉంటుంది. అది క్లోర్‌హెక్సిడిన్‌ను పట్టుకుని పనిచేయకుండా చేస్తుంది. పేస్టుతో తోముకున్న వెంటనే, ఆ పుదీనా రుచి నోట్లో ఉండగానే, చేదు తెలియకుండా మందు పుక్కిలించేద్దాం అనుకునేవారు చాలామంది ఉన్నారు. ఆలోచన తెలివైనదే గాని మందు వృథా అవుతుంది. తోముకున్న తరువాత నోరు నీళ్ళతో బాగా కడుక్కుని, కనీసం అరగంట ఆగాలి. ఇంకా ఎక్కువ సేపు ఆగగలిగితే మరీ మంచిది.

గొంతుకు, నోటికి పుక్కిలించే గోధుమరంగు పోవిడోన్ అయోడిన్ మందుది ఇంకో కథ. దానిలో నిమ్మరసం పిండితే రంగు తేలిపోతుంది, ఘాటు వాసన తగ్గుతుంది. చూడడానికి శుభ్రంగా కూడా ఉంటుంది. నిమ్మకాయలో ఉన్న సి విటమిన్ అయోడిన్‌ను అయొడైడ్‌గా మార్చేయడం వల్ల అలా జరుగుతుంది. అయొడైడ్‌కు క్రిములను చంపే శక్తి లేదు. ఆ గోధుమరంగే మందు బతికి ఉందనడానికి గుర్తు. రంగు పోయిందంటే మందు పోయినట్టే.

పంచదార, తేనె మందును చంపకపోయినా, పళ్ళను పుచ్చిపోయేలా చేసే క్రిములకు మేత అవుతాయి. ఏ క్రిముల మీద యుద్ధానికి వెళుతున్నామో వాటికే భోజనం పెట్టినట్టు.

విరేచనాలకు ఇచ్చే ఓ.ఆర్.ఎస్. విషయంలో మనం ఈ పాఠం ఇదివరకే నేర్చుకున్నాం. 2002 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేస్తున్న లెక్కలో లీటరు నీటికి 13.5 గ్రాముల గ్లూకోజు, 2.6 గ్రాముల ఉప్పు ఉంటాయి. బిడ్డ తాగడం లేదని ఇంకో రెండు చెంచాల పంచదార వేస్తే విరేచనాలు పెరుగుతాయి. అదే నారింజ రుచితో కంపెనీవారు తయారు చేసిన పొట్లంలో రుచి మారినా లెక్క మారదు. పుక్కిలించే మందుకు కూడా ఇదే సూత్రం.

తయారుచేసేవారు ఏం చేయగలరు?

రుచి బాగుచేయడం మందుల కంపెనీలకు చేతనైన పనే. దానికి కొన్ని దారులు ఉన్నాయి. పళ్ళను పుచ్చనివ్వని సార్బిటాల్, జైలిటాల్, సుక్రలోజ్ వంటి తీపి పదార్థాలు కలపడం ఒకటి. పుదీనా, సోంపు, లవంగం వంటి వాసనలతో నాలుక దృష్టిని మళ్ళించడం ఇంకొకటి. చేదు ముందుగా తగలకుండా చల్లదనం తగిలేలా చేయడం మరొకటి. మంట పుట్టించే ఆల్కహాలు తగ్గించడమో, తీసేయడమో కూడా ఒక దారి.

ఇందులోనూ ఒక చిక్కు ఉంది. వాసన నూనెలు నీటిలో కలవవు. వాటిని కలపడానికి సబ్బులా పనిచేసే పదార్థం ఒకటి వేయాలి. అది ఎక్కువైతే క్లోర్‌హెక్సిడిన్‌ను కూడా తనలో చుట్టేసుకుని, నోటికి అంటుకోనివ్వదు. అంటే రుచి కోసం ఎంత నూనె కలపాలన్నా దానికి ఒక హద్దు ఉంది. పళ్ళకు గోధుమరంగు మరకలు పట్టకుండా సి విటమిన్‌ను, మెటాబైసల్ఫైట్‌ను కలిపి తయారు చేసిన క్లోర్‌హెక్సిడిన్ మందులు యూరపులో వచ్చాయి. వాటి మీద జరిగిన పరీక్షలు ఒకేలా తేలలేదు. కొన్నింటిలో పాత మందుతో సమానంగా పనిచేసింది, కొన్నింటిలో తక్కువగా పనిచేసింది. కాబట్టి సీసా మీద మందు శాతం ఒకటే రాసి ఉన్నంత మాత్రాన రెండు మందులూ ఒకటే అనుకోవడానికి లేదు. రుచి మార్చిన ప్రతిసారీ అది పాచిని ఆపుతున్నదా లేదా అని మనుషుల నోట్లో పరీక్షించి చూపించాలి. ఆ బాధ్యత కంపెనీలది.

అలాంటి శ్రమకు ఫలితం ఉంటుంది. హెచ్.ఐ.వి. ఉన్న చిన్నపిల్లలకు ఇచ్చే లోపినావిర్, రిటోనావిర్ మందు ద్రవ రూపంలో భరించలేనంత చేదుగా ఉండేది. మన దేశపు సిప్లా కంపెనీ దాన్ని ఆహారంలో కలిపి ఇవ్వగలిగే చిన్న గుళికల రూపంలో తయారు చేస్తే, 2015లో అమెరికా ఎఫ్.డి.ఏ. తాత్కాలిక అనుమతి ఇచ్చింది. పసిబిడ్డ ఉమ్మేయడం కూడా వైద్య సమస్యేనని గుర్తించినందువల్ల జరిగిన పని అది. పెద్దవారి నోటి మందుకు కూడా ఆ మాత్రం శ్రద్ధ అవసరమని మేము అంటున్నాము.

ఇంట్లో మనం చేయదగినవి

మందును చెడగొట్టకుండా చేదు బాధ తగ్గించుకునే దారులు లేకపోలేదు.

మొదటిది, భోజనం చేసి, పళ్ళు శుభ్రం చేసుకున్న తరువాత మందు పుక్కిలించండి. రాత్రి మోతాదు పడుకోబోయే ముందు పెట్టుకుంటే చేదు నిద్రలో గడిచిపోతుంది. పొద్దుటి మోతాదు టిఫిను, టీ అయిపోయిన తరువాత పెట్టుకోండి. మందు తరువాత వెంటనే టీ, కాఫీ, కిళ్ళీ తగిలితే పళ్ళకు మరకలు కూడా ఎక్కువ పడతాయి.

రెండోది, మందు ఉమ్మేసిన వెంటనే నీళ్ళతో నోరు కడుక్కోకండి. చేదు పోతుందని చాలామంది ఇదే చేస్తారు. నిజానికి నీళ్ళు పోస్తే ఆ చేదు ఇంకా పైకి తేలుతుంది. పైగా నోటికి అంటుకోవలసిన మందు కొట్టుకుపోతుంది. అరగంట ఓపిక పట్టండి.

మూడోది, మరీ మంటగా ఉంటే డాక్టరుగారిని అడిగి సమానంగా మంచినీళ్ళు కలుపుకోవచ్చు. 10 మిల్లీలీటర్ల మందుకు 10 మిల్లీలీటర్ల నీళ్ళు కలిపి మొత్తం పుక్కిలించాలి. మందు మొత్తం తగ్గకూడదు, అదే ముఖ్యం. అప్పటికప్పుడు కలుపుకోండి, కలిపి దాచుకోకండి. బోరు నీళ్ళు ఉప్పగా, జవుగా ఉన్న ఊళ్ళలో తాగే మంచినీళ్ళే వాడండి.

నాలుగోది, తక్కువ గాఢత ఉన్న మందు సంగతి అడగండి. 0.12 శాతం క్లోర్‌హెక్సిడిన్ కూడా ఉంది. అమెరికాలో 1986 నుంచి అదే వాడుకలో ఉంది. దాన్ని 15 మిల్లీలీటర్లు పుక్కిలిస్తే నోట్లోకి 18 మిల్లీగ్రాముల మందు వెళుతుంది. 0.2 శాతం మందు 10 మిల్లీలీటర్లలో 20 మిల్లీగ్రాములు ఉంటుంది. పెద్ద తేడా లేదు గాని కొందరికి పలుచటిది తేలికగా ఉంటుంది.

ఐదోది, ఏదీ కుదరకపోతే మానేసి ఊరుకోకుండా వచ్చి చెప్పండి. మీ అవసరాన్ని బట్టి వేరే మందు రాయవచ్చు. కొందరికి గోరువెచ్చని ఉప్పునీళ్ళే చాలవచ్చు. క్యాన్సరుకు కరెంటు వైద్యం తీసుకుంటూ నోరు పూసినవారికి క్లోర్‌హెక్సిడిన్ కన్నా మెత్తని ఉప్పు, సోడా నీళ్ళే హాయినిస్తాయి. వారు తమంతట తాము ఘాటు మందులు కొని వాడకూడదు. వాము నీళ్ళు, లవంగం నీళ్ళు నోటికి హాయినిచ్చే మాట నిజమే. ఇంట్లో కాచిన నీళ్ళలో మందు ఎంత ఉందో కొలత ఉండదు కాబట్టి ఆపరేషన్ తరువాత రాసిన మందుకు బదులుగా వాటిని వాడవద్దు.

రుచి బాగుంది కదా అని

దీనికి రెండో వైపు కూడా చెప్పాలి. రుచి బాగుపడినకొద్దీ మందు అతిగా వాడే ప్రమాదం పెరుగుతుంది. తియ్యగా ఉంటే పిల్లలు మింగుతారు. ఆరేళ్ళ లోపు పిల్లలకు పుక్కిలించి ఉమ్మడం సరిగా రాదు కాబట్టి డాక్టరు చెప్పనిదే ఇవ్వకూడదు. సీసా వారి చేతికి అందకుండా పెట్టాలి. పెద్దవారు కూడా క్లోర్‌హెక్సిడిన్‌ను డాక్టరు చెప్పిన రోజులకు మించి వాడకూడదు. నెలల తరబడి వాడితే పళ్ళు, నాలుక గోధుమరంగుకు తిరుగుతాయి, గార ఎక్కువ పడుతుంది. అరుదుగా కొందరికి ఈ మందు పడక దద్దుర్లు, ఆయాసం రావచ్చు. అలాంటప్పుడు వెంటనే ఆసుపత్రికి రావాలి. పోవిడోన్ అయోడిన్‌ను థైరాయిడ్ జబ్బు ఉన్నవారు, గర్భిణులు అడగకుండా వాడకూడదు.

నోటి దుర్వాసనను పుదీనా వాసనతో కప్పిపెట్టడం మరింత ప్రమాదం. ఆ వాసన వెనుక చిగుళ్ళ జబ్బు ఉండవచ్చు, అదుపు తప్పిన షుగరు ఉండవచ్చు. మన కోస్తా జిల్లాల్లో చుట్టను వెలిగించిన వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే అలవాటు తరతరాలుగా ఉంది. ముఖ్యంగా ఆడవారిలో ఉంది. దాని వల్ల అంగిలిలో వచ్చే మచ్చల గురించి డాక్టర్ పిండ్‌బోర్గ్, ఆయన సహచరులు ఆంధ్రప్రదేశ్‌లో 10,169 మంది పల్లెవాసులను పరీక్షించి 1971లో ప్రచురించారు. అంగిలిలో తెల్లమచ్చ ఉన్నా, రెండు మూడు వారాలకు మించి మానని పుండు ఉన్నా పుక్కిలించే మందుతో కాలం గడపకండి. వచ్చి చూపించుకోండి.

మేము కోరేది

వైద్యులను, సిస్టర్లను మేము కోరేది ఒక్కటే. పుక్కిలించే మందు రాసినప్పుడు "ఇది చేదుగా ఉంటుంది, కొన్నాళ్ళు ఉప్పు రుచి తగ్గుతుంది, ఫలానా రోజున ఆపేయాలి" అని ముందే చెప్పాలి. తిరిగి వచ్చినప్పుడు "వాడారా?" అని కాకుండా "రుచి ఎలా ఉందమ్మా, సీసాలో ఎంత మిగిలింది?" అని అడగాలి. మొదటి ప్రశ్నకు మర్యాద కోసం అవునంటారు. రెండో ప్రశ్నకు నిజం చెబుతారు.

మందుల కంపెనీలను కోరేది, ఆల్కహాలు ఎంత శాతం ఉందో స్పష్టంగా కనిపించేలా వేయాలి. "దీనిలో ఏదీ కలపవద్దు, పేస్టు తరువాత అరగంట ఆగండి, వెంటనే నీళ్ళతో కడగవద్దు" అనే మూడు మాటలు తెలుగులో అచ్చువేయాలి. రుచి మార్చినప్పుడు పనితనాన్ని మళ్ళీ పరీక్షించి చూపాలి.

రోగులను, వారి కుటుంబాలను కోరేది, చేదును మాకు చెప్పండి. మా ముందు చెప్పిన చేదుకు ఏదో ఒక ఉపాయం దొరుకుతుంది. ఇంట్లో నిమ్మకాయతోనో, ఉప్పుతోనో దాచేసిన చేదు మాత్రం మందును తనతో పాటు తీసుకుపోతుంది. ఈసారి చూపించుకోవడానికి వచ్చేటప్పుడు చీటీతో పాటు ఆ సీసాను కూడా సంచిలో వేసుకుని రండి.